బొటనవేలికి తగిలిన ఇనుము

దుబాయ్ నుంచి వచ్చే మొగుళ్ళు దుప్పట్లు తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు, ఖర్జూరం డబ్బాలు తెస్తారు. మా ఆయన నయీం పైపులు వంచే మిషను తెచ్చాడు. జనవరి ఆఖర్లో కార్గో వాళ్ళు ఆ చెక్కపెట్టెను ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు దించేసరికి వీధి వీధంతా వచ్చి నిలబడింది. లోపల పెద్ద ఫ్రిజ్జు ఉందని పక్కింటి చాంద్‌బీ అప్పటికే అందరికీ చెప్పేసింది. పెట్టె విప్పితే గ్రీజు పూసిన ఇనుప సామాను బయటపడింది. పదకొండేళ్ళు ఎడారిలో ఉండి మొగుడు ఇనుము తెచ్చాడని చాంద్‌బీ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను గానీ లోపల ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ నయీం అసలు సంగతి చెప్పాడు.

"ఈ పని ఈడ నిలబడితే నేను మళ్ళీ పోను సైదా."

ఆ ఒక్క మాటతో నా కోపం దిగిపోయింది. ఆరు నెలలు ఆ దేశం బయట ఉంటే ఆయన వీసా పోతుంది. లెక్క వేసుకుంటే జూలై ఇరవై ఎనిమిది. అప్పటికి పని నిలబడితే ఆయన విమానం ఎక్కడు, నిలబడకపోతే ఎక్కుతాడు. మా ఆయేషాకు తొమ్మిదేళ్ళు. దానికి నాయన అంటే ఇన్నేళ్ళూ ఫోన్లో కనిపించే మనిషి. నాకు ఇక ఏ దుప్పటీ వద్దు, ఏ సెంటూ వద్దు, ఆ మనిషి ఇంట్లో ఉంటే చాలనుకున్నాను. ఆ ఎండాకాలం నేను చేసిందంతా, మంచైనా చెడైనా, ఆ జూలై ఇరవై ఎనిమిది కోసమే చేశాను. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోవచ్చు.

నయీం అక్కడ చేసిన పని ఇది. ఇసుక దిబ్బల మీద టూరిస్టులను తిప్పే కార్లు ఉంటాయట. అవి పల్టీలు కొడుతుంటాయి. అందుకని కారు లోపల, పైకప్పు కింద, ముందు సీట్ల వెనక, తలుపుల పక్కన మందమైన పైపులతో చట్రం కట్టి వెల్డింగు చేస్తారు. బండి తలకిందులైనా పైకప్పు నలిగి మనుషుల మీదికి రాదు. ఆరుగురున్న బండి మూడు పల్టీలు కొడితే ఆరుగురూ దిగి ఫోటోలు తీసుకోవడం తన కళ్ళతో చూశానన్నాడు. దాని పేరు రోల్ కేజ్ అని చెప్పాడు. మా వీధిలో ఎవరి నోరూ తిరగక నాలుగు రోజుల్లో అది బోను అయింది. మన రోడ్ల మీద, మన కార్లలో ఎందుకు ఉండకూడదని ఆయన పట్టుదల.

నా వంతు పని ఆ పైపులకు మెత్త కుట్టడం. మాది పరుపులు కుట్టే ఇల్లు. మా నాయన మౌలాలి దూది ఏకి, పరుపు కుట్టి, ఇచ్చే ముందు దాన్ని చెక్కమంచం మీద పరిచి బొటనవేలితో గట్టిగా నొక్కేవాడు. వేలికి చెక్క తగిలితే కుట్లు విప్పి మళ్ళీ దూది కూరేవాడు. పడుకునేవాడికి కింద ఏముందో తెలియకూడదనేవాడు. ఫోము పరుపులు వచ్చి ఆ పని పోయాక నేను కారు సీటు కవర్లకు దిగాను. రెగ్జిను మీద సూది నడపడంలో నాకు ప్రొద్దుటూరులో పేరుంది. నా డబ్బా నేనే కొట్టుకోకూడదు గానీ, ఉంది.

నయీం తనతో రెండు చుట్టలు నల్ల ఫోము తెచ్చాడు. పట్టుకుంటే చెప్పు అట్టలా గట్టిగా ఉంది. ఇదేం మెత్త, దీనికన్నా ఇటుక నయం అన్నాను. ఆయన నవ్వలేదు. మామూలు ఫోము తల తగలగానే చప్పున అణిగిపోతుందని, తల పోయి ఇనుముకే కొట్టుకుంటుందని, ఇదైతే కొంచెం కొంచెంగా అణుగుతూ దెబ్బను మింగుతుందని చెప్పాడు.

"బోను, బెల్టు, మెత్త. మూడూ ఉంటేనే కాపుదల. ఒగటి తక్కువైనా తల పక్కన ఇనుము పెట్టుకోని తిరిగినట్టే" అన్నాడు.

ఈ మాట ఆయన ఆ ఎండాకాలంలో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. మొదట విన్నది నేనే.

రంజాను అయిపోయిన వారానికి పెన్నలో ఒక తమాషా పెట్టాడు. పాత సామాన్ల అంగడిలో దొరికిన తుక్కు కారుకు బోను బిగించాడు. ఏట్లో నీళ్ళు లేవు, అంతా ఇసుకే. గట్టు మీంచి బండిని దించి పల్టీ కొట్టిస్తానని, ఊరు చూడాలని అన్నాడు. లోపల ఎవరుంటారని మా అత్త ఖమర్‌బీ అడిగితే బొమ్మను కూర్చోబెడతామన్నాడు. మా అత్త నాకు మేనత్త కూడా, కొడుకు అబద్ధం చెబితే కనిపెట్టే మనిషే, ఆ రోజు ఎందుకో నమ్మింది. తీరా చూస్తే హెల్మెట్టు పెట్టుకుని, నాలుగు పట్టీల బెల్టు బిగించుకుని, తనే కూర్చున్నాడు.

బండి గట్టు దిగి, ఒక పక్కకు ఒరిగి, ఒకటిన్నర చుట్టు తిరిగి, చక్రాలు పైకి పెట్టి ఆగింది. దుమ్ము లేచింది. కాసేపటికి కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఊగింది. నయీం పాక్కుంటూ వచ్చి ఇసుక దులుపుకుని నిలబడ్డాడు. జనం ఈలలు వేశారు. మా అత్త గబగబా పోయి హెల్మెట్టు తీయించి, చెంప మీద ఒకటి పీకి, ఆ తర్వాత కావలించుకుని ఏడ్చింది.

జనమంతా బండి చుట్టూ మూగి పైపులను తట్టి చూశారు, పట్టుకుని లాగి చూశారు, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. అక్కడున్న రెండు మూడు వందల మందిలో ఆ బెల్టును చేత్తో పట్టుకుని చూసినవాడు ఒక్కడూ లేడు. అది నేను గమనించాను. గమనించి, మనకెందుకులే, పని నిలబడేలా ఉంది అనుకున్నాను.

నిలబడింది కూడా. మే నెల సగానికి పది బండ్లు అయ్యాయి. మా ఇంటి పక్క రేకుల షెడ్డులో పొద్దున ఏడింటికే వెల్డింగు వెలుగులు. ఆయేషా బడికి సెలవులు కాబట్టి వాళ్ళ నాయన స్కూటరు వెనక కూర్చుని ఊరంతా తిరిగింది. మధ్యాహ్నం ముగ్గురం కలిసి అన్నం తినేవాళ్ళం. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అన్ని రోజులు వరసగా కలిసి తిన్నది అప్పుడే. కాగితాల సంగతి, బండికి ఇలాంటివి చేయొచ్చా లేదా అన్న సంగతి బ్రేకు ఇన్‌స్పెక్టరును అడుగుతానని నయీం అంటూనే ఉన్నాడు. నేను రేపు అడుగుదువులే అంటూనే ఉన్నాను.

బెల్టుల గురించి మాత్రం ఆయన వదల్లేదు. వెనక సీటులో బెల్టు క్లిప్పులు నడుముకు గుచ్చుకుంటాయని, వాటిని కవరు కిందికి తోసి కుట్టేయమని బండ్లవాళ్ళు ఏళ్ళ తరబడి నన్ను అడుగుతూనే ఉన్నారు. నేను కుడుతూనే ఉన్నాను. ఊళ్ళో సగం కార్లలో ఆ క్లిప్పులను సమాధి చేసింది నా సూదే. నయీం వచ్చాక నా చేత కవర్లు కోయించి వాటిని పైకి తీయించాడు. మళ్ళీ వారానికే వాళ్ళు వేరే కవరు కప్పుకుని తిరిగేవాళ్ళు. బోను ఉంది కదా, ఇంకా బెల్టెందుకు అని వాళ్ళ వాదం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పదకొండో బండి నారాయణది. లింగాల దగ్గర అరటి తోటలు, కాపురం పులివెందులలో. యాభై అయిదు దాటిన మనిషి, మాట తక్కువ. రెండేళ్ళ కింద వేంపల్లె రోడ్డులో ఆయన తమ్ముడి కారు కల్వర్టు మీంచి పల్టీ కొట్టిందట. పైకప్పు సీటు దాకా దిగిందట. మా షెడ్డులో తయారవుతున్న ఇంకొక బండి పైపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది ఆ పొద్దు ఉండింటే మా తమ్ముడు ఉండేవాడప్పా" అన్నాడు నయీంతో.

ఆయన కోడలు లహరి కాన్పుకు జమ్మలమడుగులో పుట్టింటికి పోయి ఉంది. కూతురు పుట్టింది, సహస్ర అని పేరు కూడా అనుకున్నారు. ఐదో నెలలో తల్లినీ బిడ్డనూ పిలుచుకొచ్చే మంచి రోజు ఆ నెలాఖరు శుక్రవారం. మనవరాలు ఎక్కేది బోను ఉన్న బండే కావాలని నారాయణ పట్టుబట్టాడు. నయీం సరేనన్నాడు. బెల్టుల సంగతి ఆయనకు మూడుసార్లు చెప్పాడు. ఆయన మూడుసార్లూ అట్లేలే అన్నాడు.

పైపులు బిగించడం అయిపోయింది. అప్పుడు చూస్తే నల్ల ఫోము అయిపోయింది. ఒక పైపుకు సరిపడా ముక్క కూడా మిగల్లేదు. దుబాయ్‌లో స్నేహితుడికి చెప్పి తెప్పిస్తున్న చుట్టలు ఇంకా ఓడలోనే ఉన్నాయి. నయీం జమ్మలమడుగులో ఒకాయన బండికి తలుపు పైపు సరిచేయడానికి రెండు రోజులు పోయాడు. గురువారం పొద్దున అక్కణ్నుంచి ఫోన్ చేశాడు. మెత్త లేకుండా ఆ బండి ఇవ్వొద్దు, వేరే బండిలో పిలుచుకు రమ్మను, నా మాటగా చెప్పు అన్నాడు. సరే అన్నాను.

నారాయణ, ఆయన భార్య అలివేలమ్మ పదింటికల్లా బండి కోసం వచ్చారు. అలివేలమ్మ చేతిలో ఒక గెల చక్కరకేళి. మనిషి వచ్చీ రాగానే అక్కా చెల్లీ వరసలు కలిపేసే రకం. మా అత్తతో పది నిమిషాల్లో మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళిపోయింది. బండి ఇంకా కాలేదని నేను చెప్పాను. నారాయణ ముఖం మాడిపోయింది. శుక్రవారం దాటితే మళ్ళీ పదిహేను రోజులకు గానీ మంచి రోజు లేదన్నాడు. చేతగానివాళ్ళు ముందే చెప్పాల్సిందన్నాడు. పైపులన్నీ ఊడబెరికి తన బండి తనకు ఇచ్చేయమన్నాడు. ఆయన బోను చూసి పులివెందులలో ఇంకో నలుగురు చేయించుకుంటామని చెప్పి ఉన్నారు. ఈయన ఊడబెరికించుకుని పోతే ఆ నలుగురూ రారు. మాట పోతే పని పోతుంది, పని పోతే నయీం పోతాడు. నా బుర్రలో తిరిగింది ఇదే, ఇంకేమీ లేదు.

మధ్యాహ్నానికి ఇచ్చేస్తానని అన్నాను.

పరుపులకు వాడే తెల్ల ఫోము మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. కోశాను, పైపులకు చుట్టాను, మీద నల్ల రెగ్జిను లాగి కుట్టాను. పైకి చూస్తే ఏ తేడా లేదు. నిజం చెప్పాలంటే దీనిదే నున్నగా, అందంగా వచ్చింది. కుట్టడం అయ్యాక అలవాటు కొద్దీ బొటనవేలితో నొక్కబోయాను. నొక్కలేదు. నొక్కితే ఏమవుతుందో తెలిసే నొక్కలేదు. నల్లది వచ్చాక పిలిచి మార్చేస్తే సరిపోతుందిలే అనుకున్నాను. పదిహేను రోజుల్లో ఏం కొంప మునుగుతుంది అనుకున్నాను.

అలివేలమ్మ వెనక సీటులో కూర్చుని చూసింది. పైకప్పు కింద అటూ ఇటూ పోయే పైపులను చూసి ఆమె ముఖం వెలిగింది.

"ఈడ ఉయ్యాల కట్టొచ్చు గదమ్మా. ఎండకు బిడ్డ ఒళ్ళో ఉండనే ఉండదు" అంది.

సంచిలోంచి పాత చీర తీసి రెండు పైపులకూ కట్టి చూసింది. రెగ్జిను మీద ముడి జారిపోతోంది. నేను ఒక్క నిమిషం ఆలోచించి, మిగిలిన రెగ్జినుతో రెండు గట్టి పట్టీలు మడిచి, నాలుగు వరసల కుట్టు వేసి, పైపుల మెత్తకు చెరొక కొక్కెంలా కుట్టేశాను. చీర వాటిలోంచి దూర్చి కడితే ముడి కదల్లేదు. అలివేలమ్మ ఊపి చూసి మురిసిపోయింది. నాకూ గర్వంగానే అనిపించింది. ఇంతమంది మగవాళ్ళు ఆ పైపులు చూశారు, ఒక్కరికైనా ఈ ఆలోచన వచ్చిందా అనుకున్నాను. చాంద్‌బీని పిలిచి చూపించాను కూడా.

నయీం సాయంత్రం ఫోన్ చేస్తే బండి ఇచ్చేశానని చెప్పాను. మెత్త యాడిదని అడిగాడు. పాత ముక్కలు అతికి సరిపెట్టానన్నాను. నల్లదేనా అన్నాడు. నల్లదే అన్నాను.

శనివారం పొద్దున నారాయణే ఫోన్ చేశాడు. బండికి ఏమీ కాలేదు, మా ఆడమనిషికి తలకు దెబ్బ తగిలింది, తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాం అని చెప్పి పెట్టేశాడు. నయీం ఫోన్ చేతిలో పట్టుకుని పల్టీ కొట్టిందా, పల్టీ కొట్టిందా అని రెండుసార్లు అడిగాడు, అవతల ఎవరూ లేరు.

సోమవారం నారాయణ దుడ్లు, బట్టలు తీసుకోవడానికి ఇంటికి వస్తున్నాడని తెలిసి ఇద్దరం పులివెందుల పోయాం. బండి వాళ్ళ పాకలో నిలబడి ఉంది. బయట ఒక్క గీత కూడా లేదు. జరిగింది నారాయణ నిలబడే చెప్పాడు. జమ్మలమడుగు నుంచి వస్తుంటే, ముద్దనూరు ఇంకా ఉందనగా గొర్రెల మంద రోడ్డుకు అడ్డం పడింది. బ్రేకు వేశాడు. నలభై మీద కూడా లేడు. పక్కన లహరి కూర్చుని ఉంది, ఆమె చేతులు ముందుకు పెట్టి ఆపుకుంది. వెనక ఉయ్యాల ఒక్కసారిగా ముందుకు ఊగింది. ఉయ్యాల పైపుకు కొట్టుకుంటుందని అలివేలమ్మ లేచి రెండు చేతులతో దాన్ని పట్టుకుని వెనక్కి లాగింది. ఆమెను పట్టి ఆపేది ఏదీ లేదు. ముందు సీట్ల వెనక అడ్డంగా పోయే పైపుకు ఆమె కణత కొట్టుకుంది. పాప నిద్ర కూడా లేవలేదట.

నయీం బండి ఎక్కి వెనక సీటులో, ఆమె కూర్చున్న చోట కూర్చున్నాడు. తల పైకెత్తి నా కొక్కేలను చూశాడు. సీటు కవరు తడిమాడు, బెల్టు క్లిప్పులు కవరు కిందే ఉన్నాయి. అడ్డం పైపు మీద ఒకచోట రెగ్జిను కొంచెం ముడత పడి ఉంది. రక్తం కూడా లేదు. ఆ ముడత మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు సగం దాకా దిగి ఆగిపోయింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా దిగింది. నేను తలుపు దగ్గర నిలబడి ఆ వేలినే చూస్తున్నాను.

"ఇది మనది కాదే" అన్నాడు.

"మనింటిదే. పరుపుల ఫోము" అన్నాను.

ఆయన బండి దిగి నారాయణ దగ్గరికి పోయి, తప్పు నాదేనన్నా, సరైన మెత్త పెట్టలేకపోయినా అని చెప్పాడు. నారాయణ ఆ మాట విన్నాడో లేదో తెలియదు, బట్టల సంచీ భుజానికి తగిలించుకుంటున్నాడు. నేను నోరు విప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానదని మా అత్త నన్ను ఎప్పుడూ వెక్కిరిస్తుంది. ఆ రోజు నానింది.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ముద్దనూరులో దిగి నాకు టీ తెచ్చి ఇచ్చాడు, తను తాగలేదు. తిడితే బాగుండునని అనుకున్నాను. తిట్టే అలవాటు నాది గానీ ఆయనది కాదు.

మిగతా పది బండ్లలో పెట్టింది నల్లదే బావా, అల్లా మీద ఒట్టు అని ఇంటికొచ్చాక చెప్పాను. అది నిజమే. ఒట్టు వద్దులే, చూస్తా అన్నాడు. పదిమంది ఇళ్ళకూ ఎండలో తిరిగి, ప్రతి బండిలో ప్రతి పైపు మెత్తా విప్పి, నొక్కి చూసి, మళ్ళీ కుట్టించాడు. కుట్టింది నేనే. ప్రతిచోటా లోపల నల్ల ఫోమే కనిపించింది. కనిపించిన ప్రతిసారీ ఆయన నా వైపు చూస్తాడేమో అని ఎదురుచూశాను. చూడలేదు. సంగతి తెలిసి ముగ్గురు బోను తీసేయమన్నారు, తీసేశాడు. పులివెందులలో ఆ నలుగురూ మళ్ళీ ఫోన్ చేయలేదు.

అలివేలమ్మ జూన్ నెలాఖరుకు ఇల్లు చేరింది. కుడి చెయ్యి పనిచేయడం లేదని, మాట సరిగ్గా రావడం లేదని తెలిసింది. పులివెందులకు పోదాం అన్నాను. ఎందుకు అన్నాడు నయీం. చెప్పాలి అన్నాను. ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.

ఆమె వసారాలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు తీసేసిన చోట కుట్లు కనిపిస్తున్నాయి. లహరి పాపను ఎత్తుకుని గడప దగ్గర నిలబడింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"నారాయణన్నా, మా ఆయన తప్పు నాదన్నాడు. ఆయనది కాదు. బండి ఇయ్యద్దని ఆయన ఫోన్లో చెప్పినాడు. నేనే పరుపుల ఫోము చుట్టి ఇచ్చినా. అది దెబ్బ ఆపదని తెలిసే ఇచ్చినా. ఈ పని పోతే ఈయన మళ్ళీ దేశం పోతాడని భయపడి ఇచ్చినా."

ముందు మాట్లాడింది లహరి. గొంతు పెంచలేదు.

"నువ్వు ఆ కొక్కేలు కుట్టకుండా ఉండింటే మా అత్త ఉయ్యాలే కట్టేది కాదు. మీ ఆయన మీ ఇంట్లో ఉండల్లని మా ఇంటి మనిషిని ఇట్ల చేసినావు."

అవునని తల ఊపాను.

నారాయణ కోడలిని ఊరుకోమనలేదు. బెల్టు పెట్టుకోమని నయీం తనకు మూడుసార్లు చెప్పాడని, ఇంట్లో ఒక్కరం పెట్టుకోలేదని, అది తన తప్పని అన్నాడు. తర్వాత నయీం వైపు తిరిగాడు.

"బోను మాత్రం తీయొద్దప్పా. మా తమ్ముడు పోయింది పైకప్పు కింద. ఆ కొక్కేలు కోసెయ్. మెత్త మంచిది పెట్టు. క్లిప్పులు పైకి తియ్. ఈసారి ఎవురు పెట్టుకోకపోయినా నేను బండి కదిలించను."

నేను బండిలోకి పోయి కత్తెరతో ఆ రెండు కొక్కేలనూ కోశాను. నాలుగు వరసల కుట్టు, అంత తేలిగ్గా తెగలేదు. బయటికి వస్తుంటే అలివేలమ్మ ఎడమ చేత్తో నన్ను దగ్గరికి రమ్మంది. పోయాను. ఆమె నోరు ఒక పక్కకు లాగుతోంది, మాట కోసం కష్టపడుతోంది. పాప వైపు చూపించింది.

"తగల్లే" అంది. "పాపకు తగల్లే."

అక్కడే కూలబడి ఏడ్చాను. సరైన మెత్త ఉండి ఉంటే నీకూ ఇంత తగిలేది కాదక్కా అని చెప్పాలనుకున్నాను. ఆమె నా తల మీద ఎడమ చెయ్యి పెట్టి ఉంచింది. లహరి పాపను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జూలై వచ్చింది. అటక మీది ఆయన ప్రయాణం పెట్టెను నేనే దించి దుమ్ము దులిపాను. ఓడలో వస్తున్న ఫోము ఆగస్టుకు గానీ రాదని తెలిసింది. ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం అన్నం తింటుండగా నేనే ఎత్తాను. ఆరు నెలలుగా ఏ మాట వినకూడదని నేను అన్ని తప్పులు చేశానో, ఆ మాట నా నోటితోనే అన్నాను.

"నువ్వు పో బావా. వీసా పోగొట్టుకోవద్దు. ఫోము వచ్చినాక నారాయణన్న బండి, మిగతా ఏడు బండ్ల బెల్టులు, అన్నీ నేను చూసుకుంటా. కుట్టేది నేనే గదా."

నయీం చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుకు తుడుచుకున్నాడు. కోపం లేదు ఆ ముఖంలో, అదే నాకు కష్టంగా ఉండింది.

"నువ్వు కుడతావులే సైదా. నొక్కి చూసేది ఎవురు?"

ఇరవై ఎనిమిదో తేదీ వచ్చింది, పోయింది. ఆయేషా ఎగిరి గంతులు వేసింది. చాంద్‌బీ పాయసం చేసి పంపింది. మా అత్త దర్గాలో చాదరు కప్పి వచ్చింది. నేను కోరుకున్నదే జరిగింది. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. రోజూ మధ్యాహ్నం ముగ్గురం కలిసి తింటాం, మాట్లాడుకుంటాం, నవ్వుకుంటాం కూడా. ఆ ఫోము విషయం ఆయన మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. నారాయణ బండికి ఆగస్టులో నల్ల మెత్త వేశాం. ఇప్పుడు నెలకు ఒకటో రెండో బండ్లు వస్తున్నాయి. వచ్చినవాళ్ళు ముందు వెనక సీటులో కూర్చుని బెల్టు పెట్టుకుని చూపిస్తేనే నయీం పైపు ముట్టుకుంటాడు.

నేను కుట్టిన ప్రతి మెత్తనూ ఆయన ఇనుప పైపు మీద పెట్టి బొటనవేలితో నొక్కుతాడు. నేను సూది చేతిలో పట్టుకుని పక్కన నిలబడతాను. ఇంతవరకూ ఒక్కదానిలోనూ వేలికి ఇనుము తగల్లేదు. అయినా నొక్కుతాడు.